పడుగు ఒకటి, పేకలెన్నో

నల్గొండ వైపు ఒక నేతగాళ్ల ఊళ్లో, ఒక ఇంటి నడిమి గదిలో గుంటమగ్గం ఉండేది. దాని మీద తాత నేశాడు, తండ్రి నేశాడు. తండ్రికి చూపు మందగించి సన్న పోగు కనబడకుండా పోయిన ఏడు, ఉగాది పొద్దున కొడుకును పిలిచి, "ఇగ మగ్గం నీదిరా. ఏం నేస్తవో నీ ఇష్టం" అన్నాడు.

కొడుక్కి పద్దెనిమిదేళ్లు. కండెలు చుట్టడం, నాడె విసరడం, తెగిన పోగు అతకడం చిన్నప్పటి నుంచీ వచ్చు. ఏం నెయ్యాలో తేల్చుకునే పని మాత్రం అంతవరకూ నెత్తిన పడలేదు. మగ్గం మీద పడుగు ఎక్కించాలంటే ఆ పని తప్పదు. ఏ నూలు, ఎంత సన్నం, ఏ రంగు, ఎన్ని చీరల పొడుగు అనేవి ముందే అనుకోవాలి. పడుగు ఒకసారి ఎక్కిందంటే నెలల పాటు దాని ముందే కూర్చోవాలి.

పిల్లవాడు అడగడం మొదలుపెట్టాడు. ఊరి సేటు, "ఎర్రచీరకు ఎన్నడూ గిరాకి తగ్గది" అన్నాడు. పెళ్లికి భివండీ నుంచి వచ్చిన మేనమామ, "చేమగ్గంల ఏముందిరా, నాతోటి రా, మరమగ్గాల మీద పెట్టిస్త" అన్నాడు. రెండిళ్ల అవతలి దోస్తు ఇంకేమీ ఆలోచించలేదు. కిందటి దసరాకు చిలకల చీర బాగా పోయింది కాబట్టి వాడూ చిలకల చీరకే పడుగు పెట్టాడు. వీధిలో సగం ఇళ్లవాళ్లు అదే పని చేశారు. పిల్లవాడికి మాత్రం ఇంకొకరిని అడిగితే తేలిపోతుందనిపించేది. ఆ ఇంకొకరు కొత్త మాట చెప్పేవారు. చైత్రం పోయింది, వైశాఖం పోయింది. మగ్గం ఖాళీగానే ఉంది.

నూలు పడుగుకు గంజి పెట్టాలంటే తెల్లవారక ముందే వీధి పొడుగునా చాపాలి, ఎండలో ఆరబెట్టాలి. మృగశిర కార్తె వచ్చి వాన పట్టుకుంటే ఆ పని సాగదు. రాట్నం ముందు కూర్చుని ఇదంతా చూస్తున్న నాయినమ్మ ఒక రాత్రి నోరు విప్పింది.

"ఏం రా, మగ్గం గుంటల పిల్లి పండుకుంటుంది. ఏం అనుకున్నవ్?"

"దసరాకు ఏది నడుస్తదో తెలుస్తలేదు నాయినమ్మా."

"నాకు గూడ తెల్వది. మీ తాతకూ తెల్వకపోయేది. సేటుకు తెలిస్తే ఆయన గోదాముల చీరలెందుకు మిగుల్తయ్? తెల్వనిదాన్ని ఇడిసిపెట్టు. తెలిసేవి అడుగుత, చెప్పు. నీ చేతికి ఏ నూలు నడుస్తది?"

పిల్లవాడు ఆలోచించాడు. "ఎనభై నంబరు. నూట ఇరవై పట్టుకుంటే తెగుతది."

"మంచిది. ఇంట్ల ఉన్న అచ్చుకు సరిపడ పోగులే పెట్టాలె. కొత్త అచ్చు కట్టించే పైసలు మనకాడ లెవ్వు. ఇగ రంగు. నల్ల పడుగు మీద ఏ పేక ఏసినా నలుపు దిక్కే గుంజుతది. ఎరుపు గూడ గంతే. మీగడ రంగు పెట్టు. దాని మీద నీలం పేక ఏస్తే ఒక తీరు, కుంకుమ రంగు ఏస్తే ఒక తీరు. అంచు రంగు మాత్రం పడుగులనే పడుతది. అది ఇయ్యాల్నే తేల్చాలె, దానికి తప్పిచ్చుకునేది లేదు. పేక సంగతి ఇప్పుడు నాకు చెప్పకు. మగ్గం ఎక్కినంక చూసుకోవచ్చు."

"పొడుగు?"

"మీ నాయిన ఏడు చీరలకు పెట్టేది. నువ్వు నాలుగిటికే పెట్టు. నాలుగు దించేసరికి నీ కండ్లు మారుతయ్. గప్పుడు మళ్ల కూసోని మాట్లాడుకుందం."

మూడో రోజు తెల్లవారుజామున వీధిలో పడుగు చాపారు. ఇరుగుపొరుగు వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. అది ఆరిన రెండు రోజులకు మబ్బు పట్టింది.

మొదటి చీర బాగా రాలేదు. దెబ్బ ఒక చోట గట్టిగా, ఒక చోట వదులుగా పడింది. సేటు ధర తగ్గించి తీసుకున్నాడు. రెండోది నీలం పేకతో నేశాడు. అది నయం. మూడోదానికి చిటికి పని చేసి చూడాలనిపించింది. పేకను ఆసు పోసి, ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ బిగించి కట్టి, అద్దకంలో ముంచాలి. ఏ పోగు మీద ఎన్ని వేళ్ల ఎడంలో కట్టు పడితే మగ్గం మీద మొగ్గ విచ్చుకుంటుందో లెక్క వేస్తూ కూర్చున్న ఆ పిల్లవాడికి అన్నం వేళ దాటిపోయిన సంగతి తెలియలేదు. తల్లి రెండుసార్లు పిలిచింది. ఉగాది నుంచి ఊరంతా తిరిగి అడిగిన ప్రశ్నకు జవాబులో ఒక ముక్క ఆ మధ్యాహ్నం దొరికింది.

నాలుగో చీర సగంలో ఉండగా వాడికి మొహం మొత్తింది. అవతలింట్లో కొత్త పట్టు పడుగు మెరుస్తోంది. తన మీగడ రంగు పడుగు పాతబడినట్టు కనిపించింది. కత్తెర తీశాడు. నాయినమ్మ చూసింది గాని అరవలేదు. దగ్గరికొచ్చి పడుగులో నాలుగు పోగులు వేలితో మీటింది.

"నూలు కుళ్లిందా?"

"లేదు."

"నీకు మొకం మొత్తింది నేత మీదనా, ఈ చీర మీదనా?"

వాడు చాలాసేపు మాట్లాడలేదు. "ఈ చీర మీద" అన్నాడు.

"అయితే దించు. దించినంక మార్చు. కుళ్లిన నూలైతే నీ చేతిల కత్తెర గుంజుకొని నేనే కోసేదాన్ని."

చీర దిగింది. పాత పడుగు కొసలు అచ్చులోనే వదిలారు. కొత్త పడుగు తెచ్చి, నాయినమ్మా తల్లీ కూర్చుని పోగుకు పోగు అతికారు. వేల పోగులు. పాత కొసలను పట్టుకుని కొత్త పడుగు అచ్చులోంచి ముందుకు వచ్చింది. ఈసారి ఆ పడుగు చిటికి పనికి తగ్గట్టు వాడే లెక్క కట్టినది.

చిలకల చీరలు ఆ దసరాకు వీధి నిండా ఒకేలా వచ్చి ధర పడిపోయాయి. దోస్తు చెయ్యి మంచిది కాబట్టి తట్టుకున్నాడు, మరుసటేడు పేక మార్చాడు. పిల్లవాడు పెరిగి పెద్దవాడయ్యాక చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నమూనా కాగితాలు పట్టుకుని అతని గడపలో కూర్చునేవారు, కట్టు లెక్క వేసి ఇమ్మని. రాబోయే దసరాకు ఏ రంగు పోతుందని ఎవరైనా అడిగితే మాత్రం తెలియదనే చెప్పేవాడు.

నీతి

రేపు ఏమవుతామో తెలియనప్పుడు కూడా ఈ రోజే తేల్చుకోవలసినవి కొన్ని ఉంటాయి. ఈ రోజు తేల్చనక్కర్లేనివి వాటికంటే ఎక్కువ ఉంటాయి. ఏ చదువు చదవాలో తోచక కూర్చున్న పిల్లలు ముందు ఈ రెండింటినీ వేరు చేసుకోవాలి.

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే మన ఇళ్లలో ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా అన్న ప్రశ్న వస్తుంది. అడిగేది పదిహేనేళ్ల పిల్లని. రెండేళ్లు తిరిగేసరికి ఈఏపీసెట్ ర్యాంకు, వెబ్ ఆప్షన్లు వస్తాయి. కాలేజీ గేటు లోపల అడుగు పెట్టకముందే బ్రాంచి కోడ్ ఎంచుకోవాలి. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాల్లో ప్రధాన సబ్జెక్టు ఏదో చెప్పకుండానే చేరవచ్చు, రెండో ఏడాది చివరికి చెబితే చాలు. మన పద్ధతి ఆ వెసులుబాటు ఇవ్వదు. కాబట్టి మన పిల్ల "నాకు తెలియట్లేదు" అంటే అది బద్ధకమో బాధ్యత లేకపోవడమో అనుకోవద్దు. చూడనిదాని గురించి తెలియదనడం నిజాయితీ. ఆ మాట అన్న పిల్లను నేను ముందు మెచ్చుకుంటాను.

అంచు రంగు లాంటివి ఏవో చూద్దాం. జీవశాస్త్రం చదవకుండా నీట్ లేదు, డాక్టరు చదువు లేదు. లెక్కలు వదిలేస్తే సివిల్, మెకానికల్ లాంటి ఇంజినీరింగ్ బ్రాంచీలు దాదాపు మూసుకుపోతాయి. ఆ లోటును తర్వాత పూడ్చుకోవాలంటే కాలం ఖర్చవుతుంది. ఇవి పదిహేనేళ్లకే తేలాల్సి రావడం అన్యాయమే, అయినా తేల్చుకోవాలి. ఎటూ తేలకపోతే ఎక్కువ పేకలు పట్టే పడుగు ఏదని అడగాలి. లెక్కలంటే భయం లేని పిల్లకు లెక్కలు ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వదిలేశాక తిరిగి పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైనది అదే. లెక్కలు చూస్తేనే కడుపులో తిప్పే పిల్లకు ఈ సలహా వర్తించదు. ఆ నూలు ఆమె చేతిలో తెగుతుంది.

ఇక తెరిచి ఉండేవి. సివిల్ సర్వీసులకు, గ్రూప్ 1, గ్రూప్ 2లో చాలా పోస్టులకు ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. తెలుగు సాహిత్యం చదివినా, బోటనీ చదివినా డిగ్రీ తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరవచ్చు, ఐసెట్ రాసి ఎంబీఏకి వెళ్లవచ్చు. బీ ఫార్మసీకి ఎంపీసీ వాళ్లూ వెళ్లవచ్చు, బైపీసీ వాళ్లూ వెళ్లవచ్చు. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు, ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లిషు చదివి ఉండి, వాళ్లు పెట్టే అర్హత పరీక్ష గట్టెక్కితే చాలు. ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చని 2022లో యూజీసీ అనుమతి ఇచ్చింది. ఇవి తెలియక ఎంతమంది పిల్లలు "బైపీసీ తీసుకుని నీట్ రాలేదు, నా బతుకు అయిపోయింది" అనుకుంటున్నారో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

దసరాకు ఏది పోతుందో చెప్పగలమనే పెద్దలు ప్రతి బంధువులింట్లోనూ ఒకరుంటారు. వాళ్ల ప్రేమను శంకించను, జోస్యాన్ని మాత్రం నమ్మను. 2019లో బీటెక్‌లో చేరిన పిల్లలు 2023లో బయటికొచ్చారు. ఆ నాలుగేళ్ల మధ్యలో కోవిడ్ వచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. 2019 వెబ్ ఆప్షన్ల రోజున ఈ రెండింటి సంగతి ఏ బాబాయికి తెలుసు? అంతకుముందు 2000–01లో డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలినప్పుడు, అవి వెలిగిపోతున్న రోజుల్లో కంప్యూటర్లలో చేరిన పిల్లలు చదువు మధ్యలో ఉన్నారు. ఇవాళ వీధంతా సీఎస్ఈ అంటోంది. సీఎస్ఈ చెడ్డదని అనను. ప్రోగ్రామింగ్ చేతికి నడిచే పిల్ల నిక్షేపంగా అందులోనే చేరాలి. వీధి చేరుతోందన్న ఒక్క కారణంతో చేరేవాళ్లను చూస్తేనే దిగులు.

అతుకు సంగతి చెప్పాలి. హైదరాబాద్‌లో పెరిగి, తర్వాత మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సత్య నాదెళ్ల మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. 1988లో ఆ పట్టా పుచ్చుకుని, అమెరికా వెళ్లి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మిల్వాకీలో కంప్యూటర్ సైన్స్ చదివారు. సర్క్యూట్లు, లెక్కలు తెలిసిన కొసలకు కంప్యూటర్ చదువు అతికింది. పోగుల లెక్క ఒకటే కాబట్టి అతుకు సులువుగా పడింది. వెంకట్రామన్ రామకృష్ణన్ దారి అంత సులువైనది కాదు. బరోడాలో 1971లో భౌతికశాస్త్రంలో డిగ్రీ, 1976లో ఒహాయో విశ్వవిద్యాలయంలో అందులోనే పీహెచ్‌డీ. ఆ తర్వాత మనసు జీవశాస్త్రం మీదికి మళ్లింది. చేతిలో డాక్టరేట్ పెట్టుకుని శాన్ డియాగోలో రెండేళ్లు మళ్లీ విద్యార్థిగా జీవశాస్త్రం తరగతుల్లో కూర్చున్నారు. అంటే అచ్చే మార్చారు. 2009లో రైబోజోమ్ నిర్మాణం మీద చేసిన పనికి రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ నిర్మాణాన్ని చూడటానికి వాడిన ఎక్స్‌రే పద్ధతి భౌతికశాస్త్రంలో పుట్టినదే. ఇద్దరూ అసామాన్యులు, ప్రతి పిల్లా అలా అవుతుందని చెప్పడానికి వాళ్లను తీసుకురాలేదు. దారి మార్చినప్పుడు పాత చదువు వృథా కాలేదని, దూరపు మార్పుకు మాత్రం రెండేళ్ల ఖరీదు పడిందని గమనించమంటున్నాను.

నాయినమ్మ మొదటి ప్రశ్న చేతి గురించి. దాన్ని మన పిల్లలకు అన్వయించడం చాలా ఇళ్లలో తప్పుగా జరుగుతోంది. "నీకేం అవ్వాలనుంది?" అని అడుగుతాం. పదిహేడేళ్ల పిల్లకు తెలిసిన ఉద్యోగాలు ఇంట్లోనూ, సినిమాల్లోనూ చూసినవి నాలుగైదు. "ఏ పుస్తకం ముందు ఎవరూ చెప్పకుండా కూర్చుంటావు? ఏ లెక్క తప్పు వస్తే వదలకుండా మళ్లీ చేస్తావు?" అని అడిగితే ఆమె దగ్గర జవాబు ఉంటుంది. అనుకుంటున్న బ్రాంచిలో మూడో ఏడాది చదువుతున్న అక్కను వెతికి పట్టుకుని, ప్యాకేజీలు ఎంత వస్తున్నాయని కాకుండా, పోయిన వారం ఏం చదివావో చూపించమనాలి. మొదటి రెండేళ్ల సిలబస్ దింపుకుని చదవాలి. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. అందులో ఒక కోర్సు తీసుకుని నాలుగు వారాలు అసైన్‌మెంట్లతో సహా చేసి చూడాలి. సెలవుల్లో నాలుగు వారాలు పోయినా ఫర్వాలేదు, నాలుగేళ్లు చేతిలో ఉంటాయి.

పడుగు పొడుగు మాట డబ్బుకు వర్తిస్తుంది. ఎటు వెళ్లాలో స్పష్టంగా తెలిసిన పిల్ల కోసం అప్పు చేయడం ఒక సంగతి. తేలని పిల్ల పేరు మీద లక్షల అప్పు తెచ్చి పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేర్పిస్తే, రెండో ఏడాది ఆమెకు తన దారి కనబడినా అటు అడుగు వేయలేదు. వాయిదాలు కాళ్లకు అడ్డం పడతాయి. తేలనివాళ్లకు తక్కువ ఫీజున్న ప్రభుత్వ కాలేజీ సీటు, కాలేజీ పేరు కంటే విలువైనదని గట్టిగా నమ్ముతాను.

చివరగా కత్తెర. చేరాక మొహం మొత్తని విద్యార్థి ఉండడు. మొదటి సెమిస్టర్లో ఒక సబ్జెక్టు పోవడం, హాస్టల్ అన్నం పడకపోవడం, ఒక మాస్టారి మాట గుచ్చుకోవడం ఈ చీర మీది విసుగులే. ఆ ఏడాది దించి ఆలోచించవచ్చు. కొన్ని కాలేజీల్లో మొదటి ఏడాది మార్కులను బట్టి బ్రాంచి మార్చుకునే వీలుంటుంది, అడిగి తెలుసుకోవాలి. కుళ్లిన నూలు వేరు. పిల్ల నిద్రపోవడం మానేసింది, తినడం తగ్గించింది, ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడుతోంది, "నేను లేకపోతే మీకు ఖర్చు తప్పుతుంది" లాంటి మాట ఒక్కటైనా జారింది అంటే ఇక సంవత్సరం గురించి, కట్టిన ఫీజు గురించి ఆలోచించకూడదు. ఆ రాత్రి తండ్రి "రాత్రి బస్సుకే బయల్దేరుతున్నా, పొద్దుటికి నీ దగ్గరుంటా" అనాలి, అన్నట్టే వెళ్లాలి. పిల్లను ఇంటికి తెచ్చుకుని, డాక్టరుకు చూపించి, కుదుటపడనివ్వాలి. టీసీ ఎప్పుడు తీసుకోవాలి, మళ్లీ ఏ కోర్సులో చేరాలి అన్నవి ఆమె కడుపునిండా తిని, నిద్రపోయి లేచాక, ఆమెనే పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుకోవచ్చు.